ప్రధాన కారణాంకం అంటే ముఖ్యమైన కారణాంకమా?

సందేహం: మేం చెన్నైలో ఉంటాం. 2,14,74,83,647 ప్రైమ్ నంబర్ అని ఎక్కడో చదివి, దాన్ని తెలుగులో ఏమంటారని మా అమ్మాయి అడిగింది. ప్రధాన సంఖ్య అన్నాను. "అంత ముఖ్యమైనదా నాన్నా?" అంది. పక్కింటి పాప తమిళంలో 'పగా ఎణ్' అనగానే మాత్రం అర్థమైపోయింది. మన మాట తప్పా? '3 చేత భాగించబడదు' అని రాయాలా?

సమాధానం: మాట తప్పు కాదండీ. కానీ అమ్మాయికి వచ్చిన అనుమానం చాలా మంచిది. యూక్లిడ్ గ్రీకులో వీటిని 'మొదటి సంఖ్యలు' అన్నాడు. లాటిన్ నుంచి వచ్చిన ప్రైమ్‌కీ మూలార్థం అదే. మిగతా సంఖ్యలు వీటిని గుణిస్తే పుట్టేవే కదా! మన మాట మాత్రం 'ప్రథమ' కాకుండా 'ప్రధాన' అయింది. ప్రథమం అంటే మొదటిది, ప్రధానం అంటే ముఖ్యమైనది.

అసలు ఇబ్బంది 'ప్రధాన కారణాంకాలు' దగ్గర వస్తుంది. కారణాంకం అంటే ఒక సంఖ్యను శేషం లేకుండా భాగించే సంఖ్య. మీ సంఖ్యలో ఒకటి తీసేయండి. 2,14,74,83,646కి ప్రధాన కారణాంకాలు 2, 3, 7, 11, 31, 151, 331. 'పంట నష్టానికి ప్రధాన కారణం వాన' అని రోజూ పేపర్లో చదివేవాళ్ళు, ఇవి ముఖ్యమైనవి, 6, 14 లాంటి మిగతా కారణాంకాలు అంత ముఖ్యం కావు అనుకోరా? లెక్కల పుస్తకం బయట రాసేటప్పుడు 'ప్రధాన సంఖ్యలైన కారణాంకాలు' అని విప్పి రాయండి.

తమిళంలో 'పగు' అంటే విడిపోవడం. మన 'పగులు'కి దగ్గరి చుట్టం. పగా ఎణ్ అంటే పగలని సంఖ్య. కన్నడంలో అవిభాజ్య, హిందీలో అభాజ్య అన్నదీ ఈ అర్థంలోనే. నాకు తమిళ మాటే ఎక్కువ ఇష్టం. అయినా మన పాఠ్యపుస్తకాల్లో 'ప్రధాన సంఖ్య' స్థిరపడింది. ఇప్పుడు మారిస్తే పిల్లలకే టెన్షన్. పేరు అదే ఉంచి, '1 కంటే పెద్దదై, 1తోనూ తనతోనూ తప్ప దేనితోనూ నిశ్శేషంగా భాగం పోని సంఖ్య' అని చెప్పండి.

'భాగించబడదు' వ్యాకరణానికి సరిపోతుంది గానీ ఎవరి నోటా రాదు. 'మూడో ఎక్కంలో పోదు' అంటాం. రాతలో '3తో నిశ్శేషంగా భాగం పోదు' చాలు. ఈ సంఖ్యలో అంకెలు కూడితే 46. అది మూడో ఎక్కంలో లేదు, కాబట్టి ఇదీ పోదు. అన్నట్టు, 'పెద్ద అంకె' అనకండి. అంకెలు 0 నుంచి 9 వరకే, ఇది పది అంకెల సంఖ్య.

31 రెండ్లను గుణించి ఒకటి తీసేస్తే వచ్చేదిది. ఇది ప్రధాన సంఖ్యేనని 1772లో ఆయిలర్ తేల్చాడు. 46,340 లోపు ప్రధాన సంఖ్యల్లో దేనితోనూ పోదని చూస్తే చాలు, ఆపైన వెతకక్కర్లేదు.

అమ్మాయి చేత ఒకసారి పైకి చదివించండి: రెండు వందల పద్నాలుగు కోట్ల డెబ్బై నాలుగు లక్షల ఎనభై మూడు వేల ఆరు వందల నలభై ఏడు. మధ్యలో 'కోట్లు', 'లక్షలు' అని ఆగకూడదు, 'కోట్ల', 'లక్షల' అనే సాగాలి.