ఏజెన్సీ ఊరి పాత టోపోషీట్‌లో ఏం చదవొచ్చు?

పాడేరు దగ్గర కొండ ఊరి పాత సర్వే ఆఫ్ ఇండియా మ్యాపు (టోపోషీట్) స్కాన్ దొరికిందనీ, దాన్నిబట్టి అప్పటి బతుకు ఏమైనా తెలుస్తుందా, అటవీ హక్కుల దరఖాస్తుకు పనికొస్తుందా అనీ ఒకరు అడిగారు.

ఊరి పేరు వెతికే ముందు మ్యాపు అంచు చూడండి. సర్వే చేసిన ఏళ్లు, అచ్చువేసిన ఏడు అక్కడ విడివిడిగా ఉంటాయి. తర్వాతి ముద్రణల్లో కొత్త రోడ్డో రైలు లైనో కలిపి, ఇళ్లూ బాటలూ పాతవే ఉంచేయడం మామూలే. అందుకని సర్వే ఏడునే నమ్మండి. పాడేరు షీటు నంబరు 65 జె/12, అరకుది 65 జె/15.

ఇళ్ల గుర్తుల కంటే ఊరి పేరు దగ్గర బ్రాకెట్లో ఉండే వారం పేరు ఎక్కువ చెబుతుంది. అది సంత రోజు. చుట్టుపక్కల ఊళ్ల కాలిబాటలు ఎక్కడెక్కడ కలుస్తున్నాయో గీసుకుంటూ పోతే, ఎవరు ఏ సంతకు నడిచేవాళ్లో బయటపడుతుంది. ఎంతసేపు నడిచేవాళ్లో కూడా లెక్క కట్టొచ్చు. స్కాన్‌లో కొలత మారిపోతుంది కాబట్టి స్కేలుబద్ద పెట్టొద్దు. బాట మలుపుల వెంట దారం పరిచి, మ్యాపు అడుగున ఉన్న మైళ్ల గీతతో పోల్చండి. అంగుళానికి మైలు షీట్లలో కాంటూరు గీతల (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతల) మధ్య ఎత్తు తేడా సాధారణంగా 50 అడుగులు. బాట 20 గీతలు దాటిందంటే 1000 అడుగుల ఎక్కుడు. 4 మైళ్ల బాటకు అది కలిస్తే ఖాళీ చేతులతోనే రెండు గంటలు పట్టొచ్చు. కావడి ఉంటే చెప్పక్కర్లేదు.

పేర్ల ఇంగ్లిషు స్పెల్లింగు వింతగా ఉంటుంది. కనబడలేదని వదిలేయకుండా పెద్దవాళ్లకు పైకి చదివి వినిపించండి. ‘వలస’తో ముగిసే పేరైతే, ఎక్కడినుంచి వచ్చారో కూడా అప్పుడే అడగండి. జలాపుట్ వైపు ఊళ్లకైతే రిజర్వాయరు కట్టకముందు సర్వే చేసిన షీటే కావాలి. ఇప్పుడు నీళ్లున్నచోట అందులో లోయ కనిపిస్తుంది.

పసుపు రంగు సాగు భూమి. పోడు మాత్రం చోటు మారుతుంది కాబట్టి చాలాసార్లు మ్యాపుకు ఎక్కదు. పసుపు లేదు కనుక సాగు లేదని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు.

అటవీ హక్కుల నిబంధనల్లో 13వది మ్యాపును ఆధారంగా ఒప్పుకుంటుంది, కానీ ఒకటికి మించి ఆధారాలు చూడాలంటుంది. ఊరు అప్పటికే ఉందని మ్యాపు చూపుతుంది, ఎవరు దున్నారో చూపదు. దానికి పెద్దల వాంగ్మూలం రాయించి జతచేయండి.

ఉపగ్రహ చిత్రం మీద పెట్టి చూసేటప్పుడు షీటు మూలల అక్షాంశ రేఖాంశాలను ఉన్నవున్నట్టు వాడితే ఊరు వంద మీటర్లకు పైగా జరగొచ్చు, ఎందుకంటే పాత షీట్ల అక్షాంశ రేఖాంశాలు ఎవరెస్ట్ డేటం అనే పాత కొలత ఆధారంలో ఉంటాయి, ఉపగ్రహ చిత్రాలది వేరు. గెడ్డలు (కొండవాగులు) కలిసేచోట్లు, కొండ శిఖరాలు ఆరేడు గుర్తుపెట్టి సరిపెట్టండి. గెడ్డ దారి మార్చుకునే పల్లపు చోట్లు మాత్రం తీసుకోవద్దు.