వ్యాపారం పెరిగితే కార్బన్ పెరుగుతుందా?

ప్రశ్న: విదేశీ పెట్టుబడులు, ఎగుమతులు పెరిగితే దేశంలో కార్బన్ ఉద్గారాలు పెరుగుతాయా, తగ్గుతాయా? ఒక్కో వ్యాసం ఒక్కోలా చెబుతోంది.

జవాబు: రెండూ జరగొచ్చు. గ్రాస్‌మన్, క్రూగర్ అనే ఆర్థికవేత్తలు 1991లో నాఫ్టా (అమెరికా, కెనడా, మెక్సికోల స్వేచ్ఛా వాణిజ్య) ఒప్పంద ప్రతిపాదనపై రాసిన పత్రంలో దీన్ని మూడుగా విడదీశారు. ఉత్పత్తి పరిమాణం పెరిగితే ఉద్గారాలు పెరుగుతాయి. తయారీ పద్ధతి మెరుగైతే తగ్గుతాయి. ఏ పరిశ్రమల వాటా పెరిగిందన్నదాన్ని బట్టి మూడోది ఎటైనా మొగ్గుతుంది.

లెక్క వేసి చూడండి. జీడీపీ 6 శాతం పెరిగి, జీడీపీలో ప్రతి రూపాయికి వెలువడే కార్బన్ 4 శాతం తగ్గిందనుకుందాం. 1.06ను 0.96తో గుణిస్తే 1.0176. అంటే ‘సామర్థ్యం మెరుగైంది’ అన్న ప్రకటన నిజమే, మొత్తం ఉద్గారాలు దాదాపు 1.8 శాతం పెరిగాయన్నదీ నిజమే! చాలా వ్యాసాల్లో గందరగోళం ఇక్కడే.

పెట్టుబడి మొత్తం కన్నా అది దేనిలోకి వెళ్లిందో చూడాలి. ఇనుప ఖనిజాన్ని బొగ్గు (కోక్)తో కరిగించే బ్లాస్ట్ ఫర్నేస్‌ పద్ధతిలో టన్ను ఉక్కుకు సుమారు 2 టన్నుల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. తుక్కు కరిగించే ఎలక్ట్రిక్ ఆర్క్ ఫర్నేస్‌లో అది చాలా తక్కువ. అయితే కరెంటు బొగ్గుదైతే ఆ లాభం కొంత హరించుకుపోతుంది.

ప్రశ్న: ఆదాయం పెరిగాక కాలుష్యం దానంతటదే తగ్గుతుందంటారు కదా?

జవాబు: సల్ఫర్ డయాక్సైడ్ లాంటి స్థానిక కాలుష్యాల్లో ఆ ధోరణి కనిపించింది. కార్బన్ విషయంలో ఆ భరోసా లేదు. పైగా ధనిక దేశం సిమెంటు, ఉక్కు దిగుమతి చేసుకుంటే వాటి ఉద్గారాలు తయారుచేసిన దేశం ఖాతాలో పడతాయి. అందుకే వినియోగం ఆధారంగా, అంటే సరుకు వాడుకున్న దేశం ఖాతాలో ఉద్గారాలు రాసి, వేసిన లెక్కను కూడా పోల్చి చదవండి.