జపాన్ విద్యార్థికి కావలి నుంచి ఇంగ్లీషు చెప్పాలంటే

మీ ప్రశ్న: కావలిలో ఇంట్లోనే ఉండి, ఒసాకాలో ఉద్యోగం చేసే నలభై ఏళ్లాయనకు ఆన్‌లైన్‌లో ఇంగ్లీషు చెప్పే పని కుదిరింది. ఆయనేమో నోరు విప్పడు. ఏం చేయాలి?

ఆయనకు ఇంగ్లీషు రాదనుకోకండి. అక్కడ హైస్కూలు దాటినవాళ్లు వ్యాకరణం ఏళ్ల తరబడి చదివి ఉంటారు, మాట్లాడే అవసరమే పడదు. కాలేజీ పాఠాలు, ఆఫీసు పనులు దాదాపు అన్నీ జపనీస్‌లోనే. మన నెల్లూరులో ఎల్‌కేజీ నుంచే ఇంగ్లీషు మీడియం, ఆపైన వచ్చీరాని ఇంగ్లీషైనా దబాయించి మాట్లాడేస్తాం. ఆయనకు తప్పు మాట్లాడటం కంటే ఊరుకోవడమే నయం. అందుకని ప్రశ్న అడిగాక పది సెకన్లు ఆగండి, జవాబు మీరే అందించకండి. మధ్యమధ్యలో ‘హై, హై’ అంటూ తలూపితే వింటున్నానని అర్థం, అర్థమైందని కాదు. చెప్పినదాన్ని ఆయన చేతే తిరిగి చెప్పించండి.

మొదటి క్లాసులోనే ఇంగ్లీషు ఎందుకో తేల్చుకోండి. చాలామందికి కావాల్సింది ఆఫీసు అడిగే టోయిక్ అనే ఇంగ్లీషు పరీక్షలో స్కోరు. ఎక్కువమంది రాసే పేపరులో రెండు గంటల్లో 200 ప్రశ్నలు, వినడం, చదవడం మాత్రమే, మొత్తం 990 మార్కులు. దానికైతే కబుర్ల క్లాసు పెద్దగా పనికిరాదు.

తెలుగువాళ్లకు ఇక్కడొక సౌలభ్యం ఉంది. జపనీస్‌లోనూ క్రియ చివరికే వస్తుంది, ‘ఎ’, ‘ది’ లాంటివి ఉండవు. ‘రాలేదా?’ అంటే మనలాగే ‘అవును, రాలేదు’ అంటారు. ఇంగ్లీషులో అక్కడ ‘నో’ పడాలి. ఆయన ‘యస్’ అన్నాడంటే ఎందుకన్నాడో అమెరికా టీచరు కంటే మీకే ముందు తెలుస్తుంది. క్లాసుకు ఐదు ఇలాంటి ప్రశ్నలు వేయండి.

ఉచ్చారణ దగ్గర మాత్రం జాగ్రత్త. ‘మిల్క్’ను ఆయన ‘మిరుకు’ అంటాడు, మనవాళ్లు ‘మిల్కు’ అన్నట్టే. ఒక్క చప్పట్లో మాట ముగించమనండి. ‘లైట్’, ‘రైట్’ ఆయనకు ఒకటే. ‘ల’కు నాలుక కొన పైపళ్ల వెనక ఆనాలి, ఇంగ్లీషు ‘ర’కు ఎక్కడా తగలకూడదు. మన ‘ర’ నాలుక కొట్టి పలికేది, జపనీస్ ‘ర’ కూడా అంతే. కాబట్టి మీ గొంతు నమూనాగా పెట్టకుండా, డిక్షనరీ యాప్‌లో ఆడియో వినిపించండి. ‘వైన్’, ‘వైన్’ అంటూ ద్రాక్షసారాకూ తీగకూ తేడా లేకుండా పలికేది మనమే. అది ఆయనకు అంటించొద్దు!

అరగంట క్లాసులో ఐదు నిమిషాలు కబుర్లు, ఇరవై నిమిషాలు పాఠం, చివరి ఐదు నిమిషాలు తప్పులకు. మాట్లాడుతుంటే మధ్యలో దిద్దకండి, చాట్‌లో రాసి ఉంచండి. రెండు తప్పులు చాలు. పది చూపిస్తే వచ్చే వారం మళ్లీ మౌనమే.

మనకంటే వాళ్లు మూడున్నర గంటలు ముందు. ఆయన రాత్రి తొమ్మిదంటే మీకు సాయంత్రం ఐదున్నర. పిల్లలు స్కూలు నుంచి వచ్చి ఇంట్లో గోల చేసే వేళ అది, వేరే గది చూసుకోండి. మైకున్న వైరు ఇయర్‌ఫోన్ వాడండి, ఫ్యాను గాలి మైకు మీద పడకుండా కూర్చోండి. రౌటర్ ఇన్వర్టర్ లైనులో ఉందో లేదో చూడండి. కరెంటు పోతే ఫోన్ హాట్‌స్పాట్‌కు మారడం ముందే ఒకసారి చేసి చూసుకోండి. క్లాసుకు మూడు నిమిషాలు ముందే లాగిన్ అవ్వండి. ఆలస్యాన్ని వాళ్లు పైకి ఏమీ అనరు, తర్వాతి క్లాసు మాత్రం బుక్ చేయరు.