లా టీచింగ్‌లోకి వస్తే పాలన, పాలసీల మీద పనిచేయొచ్చా?

ఎల్‌ఎల్‌ఎం తర్వాత టీచింగ్‌లోకి వస్తే ప్రజాస్వామ్యం, పాలన, పబ్లిక్ పాలసీ మీద నిజంగా పనిచేసే వీలుంటుందా, లేక పేపర్లు దిద్దడంతోనే సరిపోతుందా అని అడిగారు. పదిహేనేళ్లుగా రాజ్యాంగ చట్టం పాఠాలు చెబుతున్నాను. నా అనుభవం ఇదీ.

వీలుంటుంది. కాకపోతే ఆ పని చేయమని మిమ్మల్ని ఎవరూ అడగరు, చేసినందుకు జీతమూ పెరగదు. నేను మొదట మూడేళ్లు ఒక కాలేజీలో గెస్ట్ ఫ్యాకల్టీని. గంటల లెక్కన డబ్బులు, అవి కూడా నాలుగైదు నెలలకోసారి. "హాయిగా ప్లీడరీ చేసుకోక ఇదేం ఉద్యోగంరా" అని నాన్న విసుక్కునేవారు. ఇంకో సంగతి: ఫుల్‌టైమ్ లెక్చరర్ అయ్యాక కోర్టులో ప్రాక్టీస్ కుదరదు. ప్రాక్టీస్‌లో ఉన్న లాయరు మాత్రం రోజుకు మూడు గంటలు మించకుండా పాఠాలు చెప్పుకోవచ్చు. ఏది వదులుకోగలరో ముందే తేల్చుకోండి.

కోర్టుకెక్కకుండా టీచర్ ఏం చేయగలడు అంటే నేను మథుర కేసు చెబుతాను. మథుర అనే ఆదివాసీ అమ్మాయిపై పోలీస్ స్టేషన్‌లో అత్యాచారం జరిగిందన్న కేసు అది. ఆ కేసులో 1978లో సుప్రీంకోర్టు ఇద్దరు పోలీసులను నిర్దోషులని వదిలేసింది. మరుసటి ఏడాది లా టీచర్లు ఉపేంద్ర బక్షి, లోతికా సర్కార్‌తో పాటు మరో ఇద్దరు కలిసి ప్రధాన న్యాయమూర్తికి బహిరంగ లేఖ రాశారు. ఎదిరించకపోవడమూ, ఒప్పుకోవడమూ ఒకటెలా అవుతాయన్నదే అందులో కీలకమైన ప్రశ్న. తర్వాత మహిళా సంఘాలు రోడ్డెక్కాయి. 1983లో చట్టం మారింది. కస్టడీలో జరిగిన అత్యాచారం కేసుల్లో లైంగిక చర్య రుజువయ్యాక, నేను ఒప్పుకోలేదని బాధితురాలు కోర్టులో చెబితే, ఒప్పుకోలేదనే భావించాలన్న నియమం అప్పుడే వచ్చింది.

మనది అంత పెద్ద పని కాదులెండి. కేంద్రం 2014లో తెచ్చిన విధానం ప్రకారం బిల్లుల ముసాయిదాలను జనం అభిప్రాయాల కోసం కనీసం 30 రోజులు బయట పెట్టాలి. అన్నీ పెట్టరు, అది వేరే కథ. ఒకసారి ఒక ముసాయిదా రూల్స్ తీసుకుని నాలుగో ఏడాది పిల్లలతో కూర్చున్నాను. ఇంగ్లీషులో 'షల్' (అంటే తప్పనిసరిగా చేయాలి అని) ఉన్నచోట తెలుగు ప్రతిలో "నోటీసు ఇవ్వవచ్చు" అని ఉంది. వెనక బెంచీ అమ్మాయి పట్టుకుంది. "సార్, 'ఇవ్వవచ్చు' అంటే ఇవ్వకపోయినా అడిగేవాడుండడు కదా!"

రెండు పేజీలు రాసి పంపాం. జవాబు లేదు. ఏడు నెలలకు గెజిట్ వచ్చింది, అందులో "ఇవ్వవలెను" అని ఉంది. మా వల్లే మారిందని చెప్పుకోలేను, ఇంకెవరైనా కూడా రాసి ఉండొచ్చు. ఆ రోజు క్యాంటీన్‌లో టీలు మాత్రం నా ఖాతాలోనే పడ్డాయి.

మీ వయసు ఇంకా పాతిక దాటకపోతే, టీచింగ్ కంటే ముందు ఢిల్లీలో పీఆర్‌ఎస్ (పార్లమెంటు, చట్టాల మీద పరిశోధన చేసే సంస్థ) వాళ్ల లాంప్ ఫెలోషిప్‌కి అప్లై చేయండి. దాదాపు ఏడాది పాటు ఒక ఎంపీ దగ్గర పరిశోధన పని ఉంటుంది. ఆ వెనక బెంచీ అమ్మాయికీ ఇదే చెప్పాను. "ముందు లెక్చరర్ కావడానికి నెట్ పరీక్ష రాయనివ్వండి సార్" అంది.