‘నో సూనర్’ తర్వాత ‘వెన్’ రాస్తే ఎందుకు తప్పు?

ప్రశ్న: ఇంగ్లీషులో ‘హార్డ్‌లీ’కి జంటగా ‘వెన్’ ఒప్పయినప్పుడు, అదే అర్థమున్న ‘నో సూనర్’కి ఎందుకు కాదు?

అర్థం ఒకటే (ఒకటి జరిగీ జరగగానే ఇంకొకటి జరిగిందని), పుట్టుక వేరు. ‘సూనర్’ అనేది ‘సూన్’కి కంపారిటివ్ రూపం, అంటే రెండింటిని పోల్చి చెప్పే రూపం. ‘బెటర్’, ‘టాలర్’ తర్వాత లాగే దీని తర్వాతా ‘దాన్’ రావాలి. స్పెల్లింగులో ‘ఎ’ బదులు ‘ఇ’ పెడితే అది ‘దెన్’ అవుతుంది, మార్కు పోయేది చాలాసార్లు అక్కడే. ‘హార్డ్‌లీ’, ‘స్కేర్స్‌లీ’లలో పోలిక లేదు కాబట్టి కాలాన్ని చెప్పే ‘వెన్’ సరిపోతుంది.

ఇక వాక్యక్రమం. ఇవి వాక్యం మొదట్లో వస్తే సహాయక క్రియ కర్తకు ముందుకొస్తుంది: ‘నో సూనర్ హాడ్ ద బెల్ రంగ్ దాన్ ద బాయ్స్ రాన్ అవుట్.’ ‘హాడ్’ బదులు ‘డిడ్’ వాడితే ‘రంగ్’ కాదు, ‘రింగ్’ అనే మూలరూపమే రాయాలి. ఇవి వాక్యం మధ్యలో వస్తే తిరగేసే పని లేదు: ‘ద బెల్ హాడ్ నో సూనర్ రంగ్ దాన్…’

‘ఆల్‌దో’ దగ్గర మనవాళ్ల తప్పు వేరు. ‘వాన పడుతున్నా గానీ వెళ్లాడు’ అనే అలవాటుతో ‘ఆల్‌దో’కి ‘బట్’ తగిలిస్తారు. అక్కడ కామా చాలు. జంట కావాలంటే ‘యెట్’.

‘నైదర్–నార్’లో క్రియ దగ్గరున్న కర్తను అనుసరిస్తుంది: ‘నైదర్ ద టీచర్ నార్ ద స్టూడెంట్స్ వర్ ప్రెజెంట్.’ కర్తల స్థానాలు మార్చితే ‘వాజ్’. వ్యాకరణరీత్యా అదీ ఒప్పే గానీ చెవికి ఎబ్బెట్టు. బహువచనాన్ని చివర పెట్టడం మేలు.