మేనల్లుడు హోంలో ఉన్నాడు, అర్జీ ఎవరికి పెట్టాలి?

ప్రశ్న: మాది గాజువాక. మా అక్క రెండేళ్ల క్రితం చనిపోయింది. ఆమెకు తొమ్మిదేళ్ల బాబు, ఆరేళ్ల పాప. అక్క ఉన్నంతకాలం వాళ్ల కాపురం మా వీధిలోనే. తర్వాత బావ మళ్లీ పెళ్లి చేసుకుని, బాబును తీసుకుని అనకాపల్లి వెళ్లిపోయాడు. పాప మా అమ్మ దగ్గర ఉంటోంది. నెల కిందట బాబు ఇంట్లో చెప్పకుండా వచ్చేసి విశాఖ రైల్వే స్టేషన్‌లో దొరికాడు. బాలల సంక్షేమ కమిటీ వాడిని ఒక హోంలో పెట్టింది. మా అమ్మకు అప్పగించమని మూడుసార్లు అడిగాం. 'విచారణ జరుగుతోంది, తర్వాత రండి' అంటున్నారు. కాగితం మాత్రం ఏదీ ఇవ్వలేదు. మొన్న చూడటానికి వెళ్తే వేళ్ల సందుల్లో గజ్జి, రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదన్నాడు. కార్పొరేటర్ గారి ఉత్తరం పట్టుకెళ్లినా పని కాలేదు. ఈ కమిటీ పైన అధికారం ఎవరిది? బావ నుంచి పిల్లల ఖర్చు రాబట్టవచ్చా? ప్రభుత్వం ఇచ్చే నాలుగు వేలు మాకు వస్తాయా?

జవాబు: ముందు ఒక మాట. ఉత్తరంతో పాటు మీరు పంపిన బాబు ఫొటోను పక్కన పెట్టేశాను. ఇలాంటి కేసులో ఉన్న పిల్లవాడి పేరు, ఫొటో, స్కూలు వివరాలు బయటపెడితే ఆరు నెలల వరకు జైలు, రెండు లక్షల వరకు జరిమానా పడవచ్చు. బంధువుల వాట్సాప్ గ్రూపులో పెట్టి ఉంటే ఈ రోజే తీసేయండి.

ఇక కార్పొరేటర్ ఉత్తరం సంగతి. కుళాయికో, వీధి దీపానికో అయితే ఆ ఉత్తరం పనిచేసేది. ఈ కమిటీ మీద జీవీఎంసీకి, అంటే విశాఖ నగరపాలక సంస్థకు, అజమాయిషీ లేదు. ఇది జువెనైల్ జస్టిస్ చట్టం, 2015 కింద ఏర్పడింది. ఒక చైర్‌పర్సన్, నలుగురు సభ్యులు ఉంటారు. బెంచిగా కూర్చున్నప్పుడు వాళ్లకు ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేట్ అధికారాలుంటాయి. సిఫార్సుకు కదలరు, కదలకూడదు కూడా. 'మేనమామనండీ' అన్న ప్రతివాడి చేతిలోనూ పిల్లవాణ్ని పెట్టి పంపేస్తే ఏమవుతుందో మీరే ఆలోచించండి. పైగా మీ బాబు తప్పిపోలేదు, తండ్రి ఇంట్లోంచి వచ్చేశాడు. ఎందుకు వచ్చేశాడో వాడినీ అడగాలి, తండ్రినీ పిలిచి అడగాలి.

అలాగని అడిగేవాళ్లు లేరనుకోకండి. కమిటీ పనితీరు మీద ఫిర్యాదు వినాల్సింది జిల్లా మేజిస్ట్రేట్, అంటే కలెక్టర్. సెక్షన్ 27(10) ఈ మాట సూటిగా చెబుతుంది. 2022 సెప్టెంబర్ 1 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ దీన్ని ఇంకా బిగించింది. పిల్లవాడే కాదు, వాడికి సంబంధించిన ఎవరైనా ఫిర్యాదు చేయవచ్చు. కలెక్టర్ ఇరువైపులా విని ఉత్తర్వు ఇవ్వాలి. మూడు నెలలకోసారి కమిటీ పనిని సమీక్షించే బాధ్యత కూడా ఆయనదే.

ఏ కలెక్టర్ అన్న చోట మీకు తికమక రావచ్చు. అనకాపల్లి పట్టణం జీవీఎంసీలోనే ఉన్నా, 2022 ఏప్రిల్ నుంచి వేరే జిల్లా. బాబు విశాఖలో దొరికాడు, కేసు విశాఖ కమిటీ చేతిలో ఉంది. కాబట్టి మీ ఫిర్యాదు విశాఖ కలెక్టర్‌కే. బావ ఉండేది అనకాపల్లి కదా అని అక్కడికి వెళ్తే మీకు ఒక సోమవారం దండగ.

సోమవారం అన్నాను కనుక అదీ చెబుతాను. కలెక్టరేట్‌లో ఆ రోజు ప్రజా సమస్యల పరిష్కార వేదిక ఉంటుంది. అక్కడ ఇచ్చే అర్జీకి నంబరు వేసి సంబంధిత శాఖకు పంపేస్తారు. 'మా మేనల్లుడిని ఇప్పించండి' అని రాసిస్తే అది చుట్టూ తిరిగి మీరు మూడుసార్లు వెళ్లిన ఆఫీసుకే చేరే ప్రమాదం ఉంది. అందుకే పైన 'జిల్లా మేజిస్ట్రేట్ గారికి, జువెనైల్ జస్టిస్ చట్టం సెక్షన్ 27(10) కింద ఫిర్యాదు' అని రాయండి. తెల్ల కాగితం చాలు. రెండు కాపీలు తీసుకెళ్లి, ఒకదాని మీద తేదీతో ఇన్‌వర్డ్ ముద్ర (అర్జీ అందినట్టు వేసే ముద్ర) వేయించుకోండి. ముద్ర పడకుండా ఇంటికి రావద్దు.

అందులో ఏం రాయాలన్నదే అసలు కీలకం. నెలైనా అప్పగించలేదని రాస్తే నిలబడదు, తుది ఉత్తర్వుకు చట్టం నాలుగు నెలలు ఇచ్చింది. కానీ సామాజిక విచారణ మాత్రం బాబును హాజరుపరిచిన 15 రోజుల్లో పూర్తి కావాలి. ఎవరైనా మీ ఇంటికి వచ్చి మీ అమ్మగారిని చూశారా? ఇల్లు, వంట, పాప పడుకునే చోటు చూసి రాసుకున్నారా? రాకపోతే అదే మీ ఫిర్యాదు. గడువు దాటిన తేదీ, మీరు ఆఫీసుకు వెళ్లిన మూడు తేదీలు వేయండి. మీ అమ్మగారి ఆధార్, పాప స్టడీ సర్టిఫికెట్, అక్క మరణ ధ్రువపత్రం జత చేయండి. కార్పొరేటర్ ఉత్తరం కూడా పెట్టండి, సిఫార్సుగా కాదు, ఈ కుటుంబం ఇక్కడే ఉంటోందనడానికి సాక్ష్యంగా.

రేపు కమిటీ 'అమ్మమ్మకు ఇవ్వం' అని రాతపూర్వకంగా ఉత్తర్వు ఇస్తే దారి మారుతుంది. దాని మీద 30 రోజుల్లో బాలల కోర్టులో అప్పీలు వేయాలి. ఆఫీసు తీరు మీద అయితే కలెక్టర్, ఉత్తర్వు మీద అయితే కోర్టు. ఈ రెండూ కలిపేసుకుని కలెక్టరేట్ చుట్టూ తిరుగుతూ అప్పీలు గడువు పోగొట్టుకున్న వాళ్లను చూశాను.

గజ్జి విషయం ఇవన్నీ తేలేదాకా ఆగదు. హోం సూపరింటెండెంట్‌కు ఈ రోజే రాసివ్వండి, కాపీ జిల్లా బాలల పరిరక్షణ విభాగానికి ఇవ్వండి. బాబు ఒక్కడికే మందు రాస్తే పది రోజుల్లో మళ్లీ వస్తుంది. పక్కన పడుకునే పిల్లలందరికీ రాయాలి, దుప్పట్లు వేడినీళ్లలో ఉతకాలి. ఆ మాట అర్జీలో అలాగే రాయండి. హోంలను మూడు నెలలకు ఒకసారైనా చూడాల్సిన జిల్లా తనిఖీ కమిటీ ఒకటుంది. వెళ్లే బృందంలో కనీసం ముగ్గురు, వాళ్లలో ఒక మహిళ, ఒక వైద్యాధికారి ఉండాలి. ఆ తనిఖీ వెంటనే జరిపించమని కలెక్టర్‌ను అదే ఫిర్యాదులో అడగవచ్చు.

డబ్బు దగ్గరికొస్తే, ఇవి రెండు వేర్వేరు సంచులు. బావ మళ్లీ పెళ్లి చేసుకున్నంత మాత్రాన ఈ పిల్లల పోషణ బాధ్యత తప్పదు. భరణం ఇప్పించే పాత సీఆర్‌పీసీ (క్రిమినల్ ప్రొసీజర్ కోడ్) 125 ఇప్పుడు భారతీయ నాగరిక సురక్షా సంహితలో సెక్షన్ 144. దాని కింద పాప తరఫున మీ అమ్మగారు ఇప్పుడే భరణం కేసు వేయవచ్చు, బాబు వచ్చేదాకా ఆగక్కర్లేదు. భార్యతో చివరగా కాపురం ఉన్న చోట కూడా వేసే వీలుంది కనుక విశాఖ ఫ్యామిలీ కోర్టు చాలు. మధ్యంతర భరణం కూడా అడగండి. వీలైనంత వరకు నోటీసు అందిన 60 రోజుల్లో దాన్ని తేల్చాలి. ఉత్తర్వు వచ్చాక బావ ఎగ్గొడితే ఏడాది లోపల వసూలు పిటిషన్ వేయాలి, ఆ ఏడాది దాటనివ్వకండి. లాయర్ ఫీజు టెన్షన్ వద్దు. స్త్రీలకు, పిల్లలకు ఆదాయంతో సంబంధం లేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయర్‌ను ఇస్తుంది. ఫోన్ నంబరు 15100.

మీరడిగిన నాలుగు వేలు మిషన్ వాత్సల్య అనే పిల్లల సంరక్షణ పథకం కింద ఇచ్చే స్పాన్సర్‌షిప్. నెలకు 4,000 రూపాయలు. పట్టణాల్లో కుటుంబ ఆదాయం ఏడాదికి 96,000 దాటకూడదు. హోం నుంచి కుటుంబానికి తిరిగి వచ్చే పిల్లలకు కూడా ఇస్తారు కాబట్టి బాబుకు అవకాశం ఉంది. తండ్రి బతికే ఉన్నాడని పాపను అనాథ కింద చూడరు. 'తండ్రి వదిలేసిన పిల్ల' అని ఆధారాలతో రాయాలి. దరఖాస్తు బాలల పరిరక్షణ విభాగంలోనే. అది కచ్చితంగా వస్తుందని మాత్రం నేను చెప్పలేను. మీరు ముందు భరణం కేసు మీద దృష్టి పెట్టండి.

ఈసారి హోంకు వెళ్లేటప్పుడు సూపరింటెండెంట్‌ను అడిగి పాపను కూడా తీసుకెళ్లండి. వచ్చాక ఆ తేదీ కూడా నోట్‌బుక్‌లో రాసిపెట్టుకోండి.