ఆదివారం రెండు వందల బంతులు కొడితే గోల్ఫ్ స్వింగ్ కుదురుతుందా?

ప్రశ్న: నా వయసు 46. మాది అనంతపురం. ఉద్యోగరీత్యా తరచూ బెంగళూరు వెళ్తుంటాను. అక్కడే గోల్ఫ్ మొదలుపెట్టాను. మజిల్ మెమరీ రావాలంటే బంతులు ఎక్కువ కొట్టాలని తోటివాళ్లు అంటే, వెళ్లిన ప్రతి ఆదివారం రెండు వందల దాకా కొడుతున్నాను. ఆట మెరుగుపడలేదు సరికదా, నెల రోజులుగా కుడి మోచేయి లోపలి వైపు నొప్పి. మాత్ర వేసుకుని ఆడుతున్నాను. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: ముందు మాత్ర వేసుకుని ఆడటం ఆపేయండి. మీరు చెప్పింది గోల్ఫర్స్ ఎల్బోలా ఉంది. మణికట్టును వంచే కండరాల టెండన్లు (కండరాన్ని ఎముకకు కలిపే తాళ్ల లాంటివి) మోచేయి లోపలి ఎముకకు అతుక్కునే చోట దెబ్బతినడం వల్ల ఇది వస్తుంది. క్లబ్‌ను, అంటే గోల్ఫ్ కర్రను, బిగించి పట్టుకోవడం, వారమంతా ఊరుకుని ఒక్కరోజే వందల షాట్లు కొట్టడం దీన్ని పెంచుతాయి. మాత్ర నొప్పిని కప్పుతుంది, టెండన్ మీద భారం అలాగే ఉంటుంది. పైగా నొప్పి ఉన్న చేయి మీకు తెలియకుండానే స్వింగ్‌ను, అంటే క్లబ్ ఊపే తీరును, మార్చుకుంటుంది. రెండు వందల సార్లు మీరు నేర్చుకుంటున్నది ఆ తప్పు స్వింగ్‌నే!

మజిల్ మెమరీ అని పేరే గానీ, కదలికలను నేర్చి దాచుకునేది కండరం కాదు, మెదడు. ముఖ్యంగా చిన్నమెదడు, మెదడు లోతుల్లో ఉండే బేసల్ గాంగ్లియా. 1953లో అమెరికాలో హెన్రీ మోలైసన్ అనే ఆయనకు మూర్ఛ తగ్గడానికి మెదడులో కొత్త జ్ఞాపకాలకు అవసరమైన హిప్పోకాంపస్ భాగాలు తీసేశారు. ఆ తర్వాత కొత్త సంగతి ఏదీ ఆయనకు గుర్తు నిలిచేది కాదు. అయినా బ్రెండా మిల్నర్ అనే శాస్త్రవేత్త అద్దంలో చూస్తూ నక్షత్రం బొమ్మ గీయమంటే, మూడు రోజుల్లో చేయి చక్కగా కుదిరింది. ముందురోజు అదే పని చేసిన సంగతి మాత్రం ఆయనకు గుర్తే లేదు. మన ఇళ్లలో జొన్న రొట్టె తట్టే చేతులూ అంతే. పిండి ఎంత, నీళ్లు ఎన్ని అని అడిగితే చెప్పలేరు, రొట్టె మాత్రం గుండ్రంగా వస్తుంది. అది రోజూ కొంచెం కొంచెంగా అబ్బిన విద్య. సాధనకూ సాధనకూ మధ్య పడే నిద్రలో మెదడు ఆ కదలికను గట్టిపరుస్తుంది. అందుకే రాత్రి ఏడు గంటల నిద్ర కూడా మీ ప్రాక్టీస్‌లో భాగమే.

మూడు నాలుగు వారాలు పూర్తి స్వింగ్ వద్దు. నొప్పి రాకపోతే ఇంట్లో కార్పెట్ మీద రోజూ పావుగంట పటింగ్ (బంతిని గుంతలోకి మెల్లగా దొర్లించడం) చేయండి. పార్ 72 కోర్సులో, అంటే 72 స్ట్రోకుల్లో (దెబ్బల్లో) ముగించాలని లెక్క ఉన్న మైదానంలో, సగం, అంటే 36 స్ట్రోకులు పటింగ్‌కే లెక్క. చాలామంది దీన్ని పట్టించుకోరు, నాకది బాధగా ఉంటుంది. అరచేయి పైకి ఉండేలా ముంజేతిని బల్ల మీద ఆనించి, అర లీటరు నీళ్ల బాటిల్ పట్టుకోండి. రెండో చేతి సాయంతో మణికట్టు పైకెత్తి, నెమ్మదిగా కిందికి దించండి. పదిహేను సార్ల చొప్పున మూడు విడతలు. మర్నాటికీ నొప్పి పెరిగి ఉంటే తగ్గించండి.

మళ్లీ మొదలుపెట్టినప్పుడు చిన్న ఐరన్లతో (పొట్టి లోహపు క్లబ్‌లతో) సగం స్వింగ్, ముప్పై నలభై బంతులు చాలు. పట్టు వదులుగా ఉంచి, నాలుగైదు బంతులకోసారి క్లబ్, గురి మార్చండి. ఒకే షాట్ వరసగా కొడితే ఆ పూట బాగుంటుంది, మైదానంలో నిలవదు. కోచ్‌కు ఒకసారి స్వింగ్ చూపించండి.

ఉంగరం వేలు, చిటికెన వేలు తిమ్మిరెక్కినా, గ్లాసు పట్టు జారినా, వాపుతో జ్వరం వచ్చినా ఆలస్యం చేయకుండా డాక్టర్‌కు చూపించండి. ఆరు వారాలకూ తగ్గకపోయినా ఎముకల డాక్టర్‌ను కలవండి. అనంతపురం సర్వజన ఆస్పత్రిలోనూ చూపించుకోవచ్చు. షుగర్ పరీక్ష కూడా చేయించండి, అది ఎక్కువగా ఉంటే టెండన్ మానడం ఆలస్యమవుతుంది.